గురువారం, అల్లిక, ప్రవేశం ఉచితం

పుంతా అరేనాస్‌లో గొడుగు కొనుక్కున్నవాడు
వీధి మలుపు తిరిగేలోగా దాన్ని జలసంధికి సమర్పించుకుంటాడు.
గాలి ముదిరిన రోజున
మునిసిపాలిటీ వాళ్ళు మూలమూలలా తాళ్ళు కడతారు,
పట్టుకుని నడవమని.
అలా తాడు పట్టుకునే వచ్చాడు ఓనోఫ్రె బర్రీయా.
లైబ్రరీ తలుపు భుజంతో తోసి, టోపీ తీసి,
"ఉచితమంటే ఎంత?" అని అడిగాడు.

నేను ఇక్కడ కుర్చీలు వేసే మనిషిని.
సోమవారం పన్ను కాగితాలు నింపడం నేర్పుతారు, పదహారు కుర్చీలు.
మంగళవారం పసిపిల్లలకు కథలు, చాప చాలు,
తర్వాత దాని కింద బిస్కెట్ పొడి ఊడ్చడం నా వంతు.
బుధవారం హైతీ నుంచి వచ్చినవాళ్ళకు స్పానిష్.
గురువారం అల్లిక. పన్నెండు.
ఏ కుర్చీ లాగినా కీచుమంటుంది,
పై అంతస్తులో చదువుకునేవాళ్ళు
కుర్చీని వదిలేసి నన్ను తిట్టుకుంటారు.

"ఎంతా కాదు" అన్నాను.
నమ్మలేదు. జేబులో నాణేలు సణిగాయి.
డెబ్బై నాలుగేళ్ళలో తనకు ఊరికే వచ్చింది గాలి ఒక్కటేనట,
దానికీ రెండు పైకప్పులు చెల్లించాడట.

నలభై ఏళ్ళు ఎస్టేట్లలో గొర్రెల ఉన్ని కత్తిరించాడు.
రోజుకు నూట అరవై, లెక్క ఆయన నడుముకు తెలుసు.
మూటలు కట్టేవాళ్ళు, ఓడకెక్కించేవాళ్ళు.
ఆ తర్వాత ఆ ఉన్ని ఏమైపోయేదో
ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.
అదొక్కటి చూసిపోదామని వచ్చాడు.

నేర్పేది మిరేయా కుసనోవిచ్, పోస్టాఫీసులో రిటైరైంది.
ఒక్కో ముడినీ రిజిస్టర్డ్ ఉత్తరంలా పరీక్షిస్తుంది.
ఓనోఫ్రె సూదుల్ని గొర్రె కాళ్ళలా అదిమి పట్టాడు,
వదిలితే తన్ని పారిపోతాయేమోనని.
మూడు వారాలకు జానెడు అల్లాడు,
గొట్టంలా చుట్టుకుపోయింది, అయిదు చోట్ల చిల్లులు.
"మఫ్లరా?" అన్నాను.
"ఇంకా తేల్చుకోలేదు" అన్నాడు.

పక్క కుర్చీ గెర్లీన్‌ది.
బుధవారం క్లాసనుకుని గురువారం వచ్చిన పిల్ల.
పొరపాటని అయిదో వారం తెలిసింది, అయినా లేవలేదు.
ముడులు లెక్కపెడుతూ నలభై దాకా స్పానిష్ అంకెలు నేర్చింది,
ముడి జారినప్పుడు అనే మాటలు కూడా,
అవి ఏ బుధవారమూ నేర్పరు.

ఆగస్టులో ఒక సాయంత్రం గాలి తీగ తెంపింది.
కిటికీ కూడా కనపడని చీకటి.
మిరేయా గొంతు ఆగిపోయింది: "చూపు ఆనకపోతే నేనేం చెప్పను?"
అప్పుడు ఓనోఫ్రె,
"ఆ బుట్టలో వడకని ఉన్ని ఉంది కదా, ఇటివ్వండి."

వేళ్ళ మధ్య నలిపాడు. వాసన చూశాడు.
"ముసలి గొర్రె. మెడ దగ్గరిది.
ఇదుగో, పోగు చివర్నించి కిందికి రండి,
సగంలో ఒకచోట సన్నబడుతుంది.
ఆ నెల దానికి మేత దొరకలేదు."
చేతి నుంచి చేతికి నడిచింది ఉన్ని.
చాలాసేపు ఎవరికీ ఏమీ తగల్లేదు.
తర్వాత చీకట్లోంచి గెర్లీన్, "ఆకీ" అంది,
ఇక్కడే, అని.
మళ్ళీ అంది, మెల్లగా, ఎవరికీ కాకుండా.

ఆ గురువారం గురువు కుర్చీ మారాడు.
ఏ కుర్చీలోకో నేను చూడలేదు,
తలుపు దగ్గర నిలబడి నా వేళ్ళతోనూ ఆ ఆకలిని వెతుక్కుంటున్నాను.

నెలాఖరున మునిసిపాలిటీకి కాగితం పంపాలి.
హాజరు: పన్నెండు. రుసుము: సున్నా.
ఫలితం అన్నచోట వేలెడు ఖాళీ.
ఏం రాయాలని మిరేయా నన్నడిగింది,
నేను కుర్చీల మనిషినన్నాను.
ఖాళీగానే పంపింది.

తర్వాతి వారం ఓనోఫ్రె గంట ముందే వచ్చాడు.
ఏమీ మాట్లాడకుండా మోకాళ్ళ మీద కూర్చుని
కుర్చీని ఒడుపుగా పక్కకు వాల్చి
ఆ చిల్లుల గొట్టాన్ని దాని కాలికి తొడిగాడు.
నిలబెట్టి లాగాడు.
మూడు కాళ్ళు అరిచాయి, ఒకటి అరవలేదు.

"ఇంకా నలభై ఏడు" అని
టోపీ తీసి కూర్చున్నాడు.